గుడివాడ కుంచె, దివిసీమ పడవ

బందరులో మెడలు చూసే ఆవిడ

బందరు వెళ్తున్నానని తెలిసి మా వీధిలో ఏడిళ్ళవాళ్ళు లడ్డూలు తెమ్మన్నారు. మా ఆవిడ మాత్రం, "చిలకలపూడి గొలుసొకటి తెండి. అసలు బంగారం మీవల్ల ఎలాగూ కాలేదు" అంది. మాది కడప. దినపత్రిక ఉద్యోగంలో చాలా జిల్లాలు తిరిగాను గాని కృష్ణ సముద్రంలో కలిసే వైపు ఎప్పుడూ వెళ్ళలేదు. ఆదివారం అనుబంధంలో పేరున్న చిత్రకారుల మీద వ్యాసాలు ఎన్నో దిద్దాను. పేరు లేకుండా ఆ పని మీదే బతికేవాళ్ళు తమ కళ గురించి ఏం చెబుతారో వినాలనిపించి, పది రోజులు సెలవు పెట్టి, మే నెలాఖరు ఎండలో బయల్దేరాను.

డెల్టా అంటే నిండు కాలవలని ఊహించుకున్నాను. దిగేసరికి కాలవలు కట్టేసి ఉన్నాయి. అడుగున పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. "జూన్‌లో నీళ్ళొదుల్తారండి. అప్పటిదాకా ఇదే మా స్టేడియం" అన్నాడు రిక్షా అతను. మా వైపు ఏడాది పొడుగునా స్టేడియమేనని చెప్పాను. జాలిపడి రెండు రూపాయలు తగ్గించుకున్నాడు.

బందరు లడ్డు గురించి ఒక మాట. మా ఊళ్ళో లడ్డూ అంటే బూందీ గింజలు లెక్కపెట్టుకోవచ్చు. ఇక్కడ శనగపిండి పూసను దంచి, జల్లించి, పాకం పట్టి, పంటికి గింజ తగలకుండా చేస్తారు. అరకిలో నలభై రూపాయలకు కొన్నాను. ఏడిళ్ళకు పంచాల్సిన పొట్లం లాడ్జిలోనే సగమైంది.

చిలకలపూడిలో గొలుసు కోసం ఎక్కిన మొదటి కొట్టు వెనకే ఇల్లు. కొట్టు భర్తది, పని భార్యది. ఆవిడ పేరు వరలక్ష్మి. మైనం అంటించిన పుల్లతో ఆవగింజంత రాయి ఎత్తి లోలాకు గుంటలో కూర్చోబెడుతోంది. తలెత్తకుండానే మాట్లాడుతుంది.

"ఇన్ని డిజైన్లు ఎక్కణ్ణుంచి వస్తాయమ్మా?" అని అడిగాను.

"పెళ్ళిళ్ళ నుంచండి. నేను పెళ్ళికెళ్తే పెళ్ళికూతురి మొహం చూడను, మెడ చూస్తాను. మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్ళికెళ్ళొచ్చాక పిల్ల ఎలా ఉందని మా అత్తగారడిగితే, అయిదు పేటలు, మధ్యలో మామిడిపిందె అని చెప్పానండి."

భర్త లోపలి నుంచి అందుకున్నాడు. "మా పెళ్ళిచూపుల్లో కూడా నన్ను చూళ్ళేదండి. మా అమ్మ మెళ్ళో గొలుసు చూసి ఒప్పుకుంది."

గోడకు వేలాడుతున్న ఒక హారం నన్ను ఆపింది. సన్నటి తీగలు మెలికలు తిరిగి, కింద అర్ధచంద్రాకారంలో కలుస్తున్నాయి. ఇలాంటిది ఏ పెళ్ళిలో చూశారని అడిగితే ఆవిడ మొదటిసారి తలెత్తి నవ్వింది. "అది పెళ్ళిలోది కాదండి. మా బోర్డు మీదది. బోర్డు రాసినాయన ఊరికే అలంకారానికని ఒక హారం వేసి పోయాడు. వచ్చిన ఆడవాళ్ళంతా బోర్డు మీద హారం కావాలంటారు. లేదంటే, ఉన్నది దాచుకున్నామని అలుగుతారు. ఆఖరికి మెట్లెక్కి, బోర్డు చూసి, కొలతలు తీసుకుని నేనే చేశాను. గుడివాడ దానియేలని, ఆయన వేసింది."

మర్నాడే గుడివాడ బస్సెక్కాను.

గుడివాడలో రేకుల షెడ్డు

పెడన దాటేటప్పుడు రోడ్డు పక్క ఖాళీ స్థలాల నిండా అద్దకపు దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. నేల మీద పూలు పూసినట్టే అనిపించింది. బస్సులో నా పక్కనున్న పెద్దాయనకి మాత్రం అది రోజూ చూసేదే. ఆయన నిద్రపోయాడు.

దానియేలు షెడ్డు ఒక సినిమా హాలు వెనక ఉంది. ఆయనకు నలభై అయిదేళ్ళుంటాయి. బక్కపలచటి మనిషి. చొక్కా మొదట ఏ రంగుదో చెప్పడం కష్టం. చిలకలపూడి హారం సంగతి చెబితే పగలబడి నవ్వాడు.

"అది హారం కాదండి! మా ఊరి చర్చి కిటికీ ఊచల డిజైను. తిరగేసి వేశాను. పెళ్ళికూతుళ్ళు మెళ్ళో వేసుకుంటున్నారా? మా పాస్టరుగారికి చెప్పాలి."

ఆయన తండ్రి పొలం కూలీ. ఆదివారం బడిలో గోడకు తగిలించిన రంగుల పటాలే ఆయనకు మొదటి పాఠాలు. పెద్ద చేప మనిషిని మింగే పటం చూసి, ఎనిమిదో ఏట చర్చి తెల్లగోడ మీద బొగ్గుతో అదే చేపను దించాడట. తన్నులు తప్పవనుకున్నాడు. పాస్టరుగారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూసి, "చేప బాగుంది గాని నోరు చిన్నది, మనిషి పట్టడు. సరిచెయ్యి" అన్నారట. "అప్పట్నుంచి గోడంటే భయం పోయిందండి" అన్నాడు.

ఎనామిల్ రంగు, ఉడత వెంట్రుకల కుంచె, గోడ లేదా రేకు. ఇవి తప్ప ఆయనకు ఇంకోటి పట్టదు. కాగితం మీద చెయ్యి వణుకుతుందట. సినిమా బ్యానర్లు వేసిన రోజుల్లో నేర్చిన కిటుకొకటి చెప్పాడు. "జనం రోడ్డు మీద నించుని తలెత్తి చూస్తారు కదండీ, అందుకని నుదురు పెంచాలి. దగ్గరికెళ్ళి చూస్తే గుమ్మడికాయ. రోడ్డు మీంచి చూస్తే హీరో."

"ముక్కు సంగతి చెప్పవేం?" అని లోపల్నుంచి భార్య మరియమ్మ వచ్చింది. "ఏ హీరోకైనా ఈయన ముక్కే పెడతాడండి. ఒకసారి హీరోయిన్‌కీ పెట్టాడు. గుడివాడంతా నన్నడిగారు, మీ ఆడపడుచు సినిమాల్లో చేరిందా అని."

నవ్వుతూ వెనక్కి ఆనుకున్నాను. ఆనుకున్నది గోడకు కాదు, అప్పుడే పచ్చరంగు వేసిన రేకుకు. చొక్కా వీపు మీద బెత్తెడు వెడల్పున పచ్చటి పట్టీ పడింది. కిరసనాయిలు పెట్టి రుద్దితే ఇంకా పరుచుకుంది.

భోజనం అక్కడే పెట్టారు. పుల్లమామిడికాయతో ఎండురొయ్యల కూర. మా వైపు సంగటిలోకి ఇది ఉంటేనా అనుకుంటూ మూడోసారి అన్నం పెట్టించుకున్నాను. తింటుండగా మరియమ్మ అసలు విషయం చెప్పింది. వీధికి అటువైపు కొత్తగా ఫ్లెక్సీ దుకాణం వచ్చింది. దానియేలు మూడు రోజులు వేసే బోర్డు అక్కడ గంటలో చుట్టచుట్టి ఇస్తున్నారు. బ్యానర్లు పోయాయి. ఇప్పుడు కొట్ల బోర్డులూ పోతున్నాయి. ఆ దుకాణం యజమాని మంచివాడే. కంప్యూటర్ దగ్గర కూర్చుని రంగులు చూసే పనికి రమ్మన్నాడు. ఒకటో తారీఖుకల్లా ఏ సంగతీ చెప్పాలి.

"నీడపట్టు పనండి. ఫ్యాను కింద కుర్చీ. రేపు నాగాయలంకలో ఒక పడవకి బొమ్మ వెయ్యాలంట, ఎవరో పిలిచారు. అది చూసి ఇంకో పడవవాళ్ళు పిలిస్తే సరే, కుంచె పట్టుకోమన్నాను. పిలవలేదా, ఒకటో తారీఖున కుర్చీ. ఇద్దరం ప్రార్థన చేసుకునే ఒప్పుకున్నాం."

దానియేలు పళ్ళెంలోకి చూస్తూ, "కుర్చీ మంచిదేనండి" అన్నాడు. ఆ మాట ఎంత మెల్లగా అన్నాడంటే, మరియమ్మ అడక్కుండానే ఇంకో గరిటె కూర వేసింది.

నన్నూ వెంట రానిమ్మన్నాను.

ముంజల దారి

పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ. రంగు డబ్బాలున్నాయని కండక్టరు మమ్మల్ని వెనక సీట్లోకి తోశాడు. ఘంటసాల వైపు దారి చీలే చోట తాటిముంజలు అమ్ముతున్నారు. డజను అయిదు రూపాయలు. ముంజని బొటనవేలితో పొడిచి ఎలా జుర్రుకోవాలో తెలియక నీళ్ళన్నీ చొక్కా మీద పోసుకున్నాను. అదే చొక్కా వేసుకున్నానేమో, వెనక పచ్చ, ముందు తడి అయింది. దానియేలు దారి పొడుగునా గోడలే చూశాడు. సిమెంటు ప్రకటనలు, పళ్ళపొడి ప్రకటనలు. ఏది ఎవరు రాశారో చెప్పేవాడు. "ఈయన గీత భలే నిటారండి. పోయాడు పాపం." "ఈయన ఇప్పుడు బెజవాడలో ఆటో తోల్తున్నాడు."

నాగాయలంక రేవు

సముద్రం మీద చేపల వేట నిషేధం ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుంది. కృష్ణ ఒడ్డున రేవులో పడవలన్నీ గట్టెక్కి తాటిదుంగల మీద కూర్చున్నాయి. కొన్నిటికి చెక్క మారుస్తున్నారు, కొన్నిటికి రంగు వేస్తున్నారు. వలలు బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన నా వీపు చూసి, "ఏవయ్యా పెయింటరూ, నిచ్చెన తెచ్చుకోలేదా? మా నిచ్చెన ఇరిగింది" అన్నాడు. నేను పెయింటర్ని కాదని చెప్పుకున్నాను. రేవంతా నా చొక్కానే నమ్మింది.

పడవ నాంచారమ్మది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. చేపల వ్యాపారం ఆవిడ చేస్తుంది, పడవ ఆవిడ భర్త ఏడుకొండలు నడుపుతాడు. అది మోటారు బిగించిన చెక్క పడవ. కొత్తగా చెక్కలు మార్చి, అంచు నుంచి అడుగు దాకా ఒకే నీలంరంగు కొట్టించింది.

"తమ్ముడూ, ముందు పక్కన మా అమ్మ బొమ్మ కావాలి. నెత్తిన చేపల తట్టతో, నించున్నట్టు" అంది దానియేలుతో.

"ఫొటో ఇవ్వక్కా."

"ఫొటోనా? మా అమ్మ జన్మలో ఫొటో దిగలా."

దానియేలు కంగారుపడతాడనుకున్నాను. పడలేదు. అమ్మ ఎలా నడిచేదని అడిగాడు. ఎత్తెంత అని అడగలేదు, రంగేమిటని అడగలేదు. నాంచారమ్మ మాటలకు బదులు చేతులు ఊపింది. "పోనీ నువ్వు నడిచి చూపించక్కా" అని, అక్కడున్న ఖాళీ తట్ట ఆవిడ నెత్తిన పెట్టాడు. ఆవిడ సిగ్గుపడుతూనే గట్టు మీద ఇరవై అడుగులు వేసింది. వలల దగ్గర మగవాళ్ళు ఈలలు వేశారు.

"వదినా, తట్టలో ఏం చేపలు? కిలో ఎంత?"

"నీ నోరు కిలో రూపాయి. తీసుకుంటావా?" అని తల తిప్పకుండానే జవాబిచ్చింది. తట్ట కదల్లేదు.

దానియేలు చూస్తున్నది మొహాన్ని కాదు. మెడ బిగువు, ఒక చెయ్యి తట్టకూ ఒక చెయ్యి నడుముకూ పోయే తీరు. బొగ్గుముక్కతో పడవ మీద రెండే రెండు గీతలు గీశాడు. నాంచారమ్మ వెనక్కి వచ్చి చూసి నోరు నొక్కుకుంది.

"మొహం నీ ఇష్టం తమ్ముడూ. ఇక్కడ సగంమందికి గుర్తే లేదు. కాళ్ళు మాత్రం మా అమ్మవే కావాలి. ఇక్కణ్ణుంచి అవనిగడ్డ దాకా చెప్పుల్లేకుండా నడిచి అమ్మింది. తట్ట మోసే మనిషి పాదం పరుచుకుంటుంది, చూశావా, ఇట్టా." తన పాదమే చూపించింది. "ఎండి కడియాలుండేవి. అవి అమ్మేసి మొదటి పడవకి చెక్క కొంది."

"కడియాలు వెయ్యనా అక్కా?"

"వద్దు. అవి పడవలోకి పోయినయ్యి. మళ్ళీ కాళ్ళకెందుకు?"

ఏడుకొండలు బీడీ ఆర్పి నాతో అన్నాడు: "మా అత్త బతికున్నన్నాళ్ళూ నేను పడవెక్కితే గట్టు మీంచి తిట్టేదండి, ఇటు తిప్పు, అటు తిప్పని. ఇప్పుడు ఏకంగా పడవే ఎక్కిస్తోంది మా ఆవిడ."

బొమ్మ మూడు రోజులు పట్టింది. నిలువెత్తు మనిషి. తట్ట పడవ అంచు దగ్గర, పాదాలు అడుగు దగ్గర. రెండో రోజంతా దానియేలు నేల మీద బోర్లా పడుకుని పాదాలే వేశాడు. వేళ్ళు విడివిడిగా, మడమ పగుళ్ళతో, బురద అంటినట్టు. నేను డబ్బా పట్టుకున్నాను. రేవు నన్ను పనివాడని అననే అంది, పని చేస్తే పోయేదేముంది? మధ్యాహ్నాలు నాంచారమ్మ ఇంట్లో ఎండు మెత్తళ్ళ పులుసు. వేట లేని రోజుల్లో సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని ఎండుచేప తినడం నాకు వింతగా అనిపించింది. "మీ ఊళ్ళో వానల్లేనప్పుడు మీరేం తాగుతారు?" అని ఆవిడ అడిగితే ఆ వింత పోయింది.

పడవ దిగిన రోజు

నిషేధం ముగిసిన పొద్దున పడవకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. దానియేలు కాస్త దూరంగా నిలబడి కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకున్నాడు. ఇరవైమంది భుజం పెట్టారు. దుంగల మీద జారి పడవ నీళ్ళలోకి దిగింది.

దిగుతూనే ఉంది. ముందు వేళ్ళు పోయాయి. తర్వాత మడమలు. వలలు ఎక్కించి మనుషులు ఎక్కేసరికి మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి. రెండో రోజంతా బోర్లా పడుకుని వేసిన పాదాలు కృష్ణలో మునిగి లేనట్టే అయిపోయాయి.

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. దానియేలు మొహం పాలిపోయింది.

"గోడ ఎక్కడికీ దిగదు కదండీ" అన్నాడు నాతో. "ముప్ఫయ్యేళ్ళ నుంచి గోడలే. పడవ మునుగుతుందని నాకు తట్టనే లేదు."

మామూలుగా పాత పడవ మీద నీటి గీత కనపడుతుంది. దీనికి పైనుంచి కిందికి కొత్త రంగు. రేవులో వాళ్ళకు అది చెప్పాల్సిన సంగతే కాదు. ముసలాయన్ని అడిగితే, "నాకు తెలుసు. ఆవిడే కదా కాళ్ళు కాళ్ళని పట్టుబట్టింది, కావాలని వేయించుకుందేమో అనుకున్నా" అన్నాడు. తక్కినవాళ్ళూ అలాగే అనుకున్నారట.

దానియేలు నాంచారమ్మ దగ్గరికి వెళ్ళాడు. "అక్కా, తప్పు నాదే. పడవ మళ్ళీ గట్టెక్కినప్పుడు కబురు చెయ్యి. పైకి జరిపి మళ్ళీ వేస్తాను. డబ్బులొద్దు" అన్నాడు. తర్వాత వచ్చి కుంచెలు గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. తొమ్మిదింటి బస్సు పట్టుకుంటే మధ్యాహ్నానికి గుడివాడలో ఉండి, ఫ్లెక్సీ దుకాణానికి మాట చెప్పెయ్యొచ్చని లెక్క. నేను డబ్బాల మూతలు బిగించాను.

నాంచారమ్మ చీర పైకి దోపుకుని నీళ్ళలోకి దిగింది. పడవ పక్కకు వెళ్ళి బొమ్మ పక్కనే నిలబడింది. ఆవిడకూ నీళ్ళు మోకాళ్ళ దాకానే వచ్చాయి. కాసేపు బొమ్మ వంక చూసింది.

"ఓయ్ తమ్ముడూ! ఎక్కడికి మూట కడుతున్నావ్? గట్టు మీద పొడిగా నించున్నోళ్ళకి మంచి చేప ఎవడిస్తాడు? పడవ కనపడిందంటే మా అమ్మ అందరికంటే ముందు నీళ్ళలోకి దిగేది. మోకాళ్ళు తడవకుండా ఏనాడన్నా బేరం చేసిందా? నువ్వు గట్టు మీద నిలబెట్టావు. ఇప్పుడొచ్చింది మా అమ్మ."

రేవు ఒక్కసారిగా గోల చేసింది. ఏడుకొండలు మోటారు తిప్పుతూ, "ఇప్పుడు మోకాళ్ళేగా, వేట పడనివ్వండి, మా అత్తని నడుం దాకా దించుతా" అని అరిచాడు. "దించు చూద్దాం!" అంది నాంచారమ్మ నీళ్ళలోంచే.

దానియేలు బస్సు వెళ్ళిపోయింది. కుంచెల మూట మీదే కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం రెండు దాటాక తట్టలతో ఆడవాళ్ళు గట్టు మీదికి చేరారు. పడవలు నది మలుపులో చుక్కల్లా కనిపిస్తుంటే ఏది ఎవరిదో, ఎంత తెచ్చిందో తెలియక మామూలుగా పోట్లాడుకుంటారట. ఆ రోజు ఒక అమ్మాయి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి కేక వేసింది.

"నడుం! నాంచారత్తా, నడుం దాకా!"

ఎర్రచీర మనిషి తట్టతో నడుం లోతు నీళ్ళలో నడిచి వస్తున్నట్టే ఉంది. పడవ చేపలతో అంత బరువెక్కిందని తెలిసి, అది ఇంకా అంత దూరాన ఉండగానే వేలంపాట మొదలైంది. పొద్దున కిసుక్కున నవ్విన గొంతే ముందు పాడింది.

సాయంత్రం దానియేలు ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళి ఫ్లెక్సీ దుకాణానికి ఫోన్ చేశాడు. గాజు తలుపు బయట నాకు వినిపించింది ఇంతే: "లేదండి... కోపమేం లేదండి... ఇక్కడ ఇంకో రెండు పడవలున్నాయండి." తర్వాత మరియమ్మ కోసం పక్కింటికి చేశాడు. ఆ ఫోన్‌లో ఆయన మాట్లాడింది తక్కువ, నవ్వింది ఎక్కువ.

ఆ రెండు పడవల్లో ఒకటి సుబ్బారావు అనే అతనిది. తండ్రి బొమ్మ కావాలన్నాడు. మర్నాడు పొద్దున అతని పడవను ముందు నీళ్ళలో పెట్టించి, వలల్నీ మనుషుల్నీ ఎక్కించి, దానియేలు మొలలోతు నీళ్ళలో దిగి చుట్టూ తిరిగి చూశాడు.

సుబ్బారావుకు ఓపిక తగ్గింది. "ఇంతకీ మా నాన్నని ఎక్కడిదాకా ముంచుతావయ్యా?"

"మీ నాన్నగారికి ఈత వచ్చాండీ?"

"ఈతా? వరదలో కృష్ణ అడ్డం ఈదాడు."

"అయితే భయం లేదు" అని దానియేలు చెవి మీదున్న సుద్దముక్క తీసి, సరిగ్గా నీటి మట్టం దగ్గర, బొమ్మ ఛాతీ రావాల్సిన చోట గీత పెట్టాడు.